కాదనడం తెలియని పెట్టెలు

దెయ్యాల వేటకు కొత్తగా దిగే కుర్రాళ్ళ కోసం కొనుగోలు జాబితాలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఐదు వేలలో ఏమేం వస్తాయి, పది వేలుంటే ఇంకేం చేర్చుకోవచ్చు, ముందు మీటరు కొనాలా రికార్డరు కొనాలా, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది, చీకట్లో బటన్లు కనపడతాయా లేదా... అన్నీ ఓపిగ్గా రాస్తారు. ఒక్క సంగతి మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు. ఈ పెట్టె దెయ్యాన్ని పసిగడుతుందని ఎవరు తేల్చారు? ఏ దెయ్యాన్ని ఎదురుగా కూర్చోబెట్టి సరిచూశారు?

కిరాణా కొట్టువాడి తూకంరాళ్ళను తూనికల శాఖవాళ్ళు తమ దగ్గరున్న అసలు కిలోతో సరిచూసి ముద్ర వేస్తారు. అసలు కిలో ఉంది కాబట్టే ఆ ముద్రకు విలువ. దెయ్యాల మీటరుకు అలాంటి ముద్ర పడాలంటే ముందు అసలు దెయ్యం ఒకటి చేతికి చిక్కాలి. చిక్కాక ఇక మీటరు దేనికి?

దెయ్యాన్ని నమ్మేవాళ్ళతో నాకు పేచీ లేదు. తులసిదళం నవల చదివి వణికిన తరం వాళ్ళు, అరుంధతి సినిమా చూసి దుప్పటి ముసుగేసుకున్న పిల్లలు, వీళ్ళెవరూ నాకు శత్రువులు కారు. చీకటి గదిలో చప్పుడైతే అదేమిటో చూసి రావాలనుకునే కుతూహలం నిజానికి మంచి గుణం. ఆ కుతూహలానికి ధరల చీటీ కట్టి, శాస్త్రం వేషం వేసి అమ్ముకునేవాళ్ళతోనే నా తగాదా. వాళ్ళు అమ్మే సామాను చవకదా ఖరీదైనదా అన్నది అసలు ప్రశ్నే కాదు. అవన్నీ ఒకే గుణం చూసి ఏరినవి. వాటికి "లేదు" అనడం రాదు.

జాబితాలో మొదటి పీట ఎప్పుడూ కె2 మీటరుదే. అరచేతిలో ఇమిడే డబ్బా, నెత్తిన వరసగా ఐదు బుల్లి లైట్లు. ఆకుపచ్చతో మొదలై ఎరుపుతో ముగుస్తాయి. అమెరికాలో 60 డాలర్ల చుట్టుపక్కల అమ్ముతారు. దీన్ని మొదట తయారుచేసింది ఇంట్లో కరెంటు సామాన్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎంతుందో చూసుకోవడానికి. లోపలున్నది ఒక తీగచుట్ట. మారుతున్న అయస్కాంత క్షేత్రం దాని గుండా పోతే సన్నగా కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సంగతే, మన బడి పుస్తకాల్లో ఉన్నదే. ఒకటిన్నర మిల్లీగాస్ దాటితే రెండో లైటు, రెండున్నర దాటితే మూడోది, 10 దాటితే నాలుగోది, 20 దాటితే ఎర్రది. అంతకు మించి దాని పొట్టలో ఏ రహస్యమూ లేదు.

ఇప్పుడు దాన్ని మన ఇళ్ళలోకి పట్టుకురండి. 230 వోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటు గోడల్లో పరుగెడుతూ ఉంటుంది. ఫ్రిజ్ వెనక పెడితే లైట్లు లేస్తాయి. బోరు మోటారు స్టార్టరు దగ్గర, ఇన్వర్టరు పక్కన లేస్తాయి. మెయిన్ బోర్డున్న గోడకు అవతలి పడకగదిలో, సరిగ్గా మంచం తలవైపున లేస్తాయి. పాత ఇళ్ళ వైరింగు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవడో ఎలక్ట్రీషియను ఫేజు ఒక దారిన, న్యూట్రలు ఇంకో దారిన లాగి ఉంటాడు. రెండూ పక్కపక్కన పోతే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలావరకు చంపుకుంటాయి. విడిపోతే గది నడిబొడ్డున, గాల్లో కూడా మీటరు ఎగిరి గంతేస్తుంది. అది చూసి కెమెరా ముందు "ఎవరైనా ఉంటే ఇంకోసారి వెలిగించండి" అని బతిమాలతారు. అక్కడ ఉన్నవాడు ఎలక్ట్రీషియను, అదీ ముప్పై ఏళ్ళ కిందట.

"మరి కరెంటే లేని పాడుబడ్డ కోటలో వెలిగిందండీ, దానికేమంటారు?" అని గుడ్లురుముతారు. నేనేమనను, మీ జేబే అంటుంది. కె2కి మొబైలు ఫోనంటే మహా చిరాకు, దగ్గరికొస్తే చాలు గెంతుతుంది. టవరు దూరంగా ఉన్నచోట ఫోను నెట్‌వర్కు కోసం మరింత శక్తి పెట్టి అరుస్తుంది. కోటలేమో ఊరికి దూరంగా, సిగ్నలు అందీ అందని గుట్టల మీద ఉంటాయి. నలుగురు స్నేహితులు, నాలుగు ఫోన్లు, ఒక వైర్‌లెస్ మైకు, వీటి మధ్యలో ఆ మీటరు. పైగా అది ఒక్క దిశలోనే కొలుస్తుంది. మణికట్టు కాస్త తిప్పితే అంకె మారిపోతుంది. భయపడ్డ మనిషి చెయ్యి ఎలాగూ నిలకడగా ఉండదు కదా.

అసలు దెయ్యానికీ అయస్కాంత క్షేత్రానికీ ముడి ఎలా పడింది? ఇదే నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండించే భాగం. కెనడాలో మైఖేల్ పెర్సింగర్ అనే పరిశోధకుడు మెదడు మీద బలహీనమైన అయస్కాంత క్షేత్రం పనిచేస్తే పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించవచ్చని వాదించాడు. హెల్మెట్ ఒకటి చేయించి మనుషుల తలలకు తొడిగాడు కూడా. స్వీడన్‌లో గ్రాంక్విస్ట్ బృందం అదే ప్రయోగాన్ని హెల్మెట్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ప్రయోగం చేసేవాళ్ళకూ తొడుక్కున్నవాళ్ళకూ తెలియకుండా చేసి, 2005లో ప్రచురించింది. క్షేత్రం వల్ల ఏ తేడా రాలేదు. ఎవరి మనసు సూచనలకు తొందరగా లొంగుతుందో వాళ్ళకే ఏదో అనిపించింది. సరే, పెర్సింగర్ చెప్పిందే నిజమనుకుందాం. అప్పుడు మీటరు వెలిగితే అర్థమేమిటి? అక్కడ దెయ్యం లేదు, క్షేత్రమే నీ మెదడును మోసం చేస్తోంది అని! దెయ్యాన్ని కొట్టిపారేసే సాక్ష్యాన్నే దెయ్యానికి సాక్ష్యంగా అమ్ముతున్నారు. 2004లో అమెరికాలో ఘోస్ట్ హంటర్స్ అనే టీవీ షో మొదలైంది. ప్లంబింగ్ పని చేసుకునే ఇద్దరు మనుషులు రాత్రిళ్ళు ఇళ్ళలో మీటర్లు పట్టుకు తిరగడం దాని కథ. అలాంటి షోలు వచ్చాక ఈ తలకిందుల తర్కాన్ని నిలదీసే తీరిక ఎవరికుంది? లైటు వెలిగితే టీఆర్‌పీ వెలిగింది.

రెండో పీట స్పిరిట్ బాక్సుది. ఇది రేడియో. మర్మమేమీ లేదు, మామూలు రేడియోనే. కాకపోతే ఏ స్టేషను దగ్గరా ఆగదు, సెకనులో పదో వంతుకో మూడో వంతుకో ఒక్కో స్టేషను దాటుకుంటూ పోతుంది. ఆ గరగరలో దొర్లే ముక్కల్ని దెయ్యం మాటలంటారు. హైదరాబాదులో దీన్ని ఆన్ చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. 91.1, 92.7, 93.5, 98.3... ప్రతి మెట్టు మీదా ఒక ఆర్‌జే నోరు తెరుచుకుని కూచున్నాడు. "నీ పేరేంటి?" అని అడుగుతారు. ఒక స్టేషను నుంచి "రా", ఇంకో స్టేషను నుంచి "ణి". అంతే, గోల్కొండ రాణి దిగివచ్చింది! ఆ వెంటనే బంగారు నగల తరుగు మీద రాయితీ ప్రకటన ముక్క వినపడితే మాత్రం ఎడిటింగులో కోసేస్తారు. పాపం ఆ రాణికి ఎఫ్ఎం లైసెన్సు ఉన్న ఊళ్ళోనే గొంతు పెగులుతుంది.

టేపులో చచ్చినవాళ్ళ గొంతులు వినే అలవాటు పాతదే. స్వీడన్‌లో ఫ్రీడ్రిక్ యూర్గెన్సన్ 1959లో పక్షుల కూతలు రికార్డు చేస్తూ మనుషుల గొంతులు విన్నానన్నాడు. ఆ తర్వాత కాన్‌స్టాంటిన్ రౌడివ్ వేల కొద్దీ అలాంటి ముక్కలు పోగేసి పుస్తకమే వేశాడు. ఆయన గొంతులు ఒకే వాక్యంలో రెండు మూడు భాషలు కలిపి మాట్లాడేవట. వినేవాడికి ఎన్ని భాషలొస్తే దెయ్యానికీ అన్ని భాషలొస్తాయన్నమాట. గరగరలో మాట వెతకడం మన చెవికి పుట్టుకతో వచ్చిన గుణం, దాని తప్పేం లేదు. కింద అక్షరాలు వేసి "నన్ను కాపాడు అంటోంది, వినండి" అని ముందే చెప్పేవాడిదే తప్పు. అక్షరాలు తీసేసి పదిమందికి విడివిడిగా వినిపించి, ఎవరికి వారు కాగితం మీద రాయమనండి. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. అందుకే కాబోలు ఏ జాబితాలోనూ దీని ఊసు రాదు.

మిగతావాటిని గబగబా దాటేస్తాను. ఫొటోలో తెల్లటి గుండ్రటి బిళ్ళలు ఆత్మలు కావు, ఫ్లాషు పక్కనే లెన్సుండే చిన్న కెమెరాలకు అతి దగ్గరలో ఎగిరిన దుమ్ము. చలిచోట్లు పట్టుకోవడానికి కొనమనే థర్మామీటరు తుపాకీని మనం 2020లో ప్రతి దుకాణం గుమ్మంలోనూ నుదుటి మీద పెట్టించుకున్నాం. అది ఎదుటి ఉపరితలం వేడిని చూస్తుంది, గాలిని కాదు. ఖాళీ గదిలో గురిపెడితే అవతలి గోడ వేడి చెప్తుంది. గాల్లో నిలబడ్డ ఆత్మ దానికెలా అందుతుంది? ఇక పుల్లమనిషిని చూపించే ఎస్ఎల్ఎస్ కెమెరా. దాని కడుపులో ఉన్నది మైక్రోసాఫ్ట్ 2010లో ఆటల కోసం తెచ్చి 2017లో తయారీ ఆపేసిన కినెక్ట్. కంటికి కనపడని చుక్కలు చల్లి దూరాలు కొలిచి, ఎదురుగా ఆడుతున్న మనిషి కీళ్ళెక్కడున్నాయో ఊహించడం దాని ఉద్యోగం. ఎదుట మనిషి ఉన్నాడన్న నమ్మకంతోనే దాన్ని తయారుచేశారు. కుర్చీ మీద తువ్వాలు ఆరేసి చూపించినా కాళ్ళూ చేతులూ తగిలించేస్తుంది. కొన్నవాడు ఆ తువ్వాలుకు దణ్ణం పెడతాడు.

భూతవైద్యుడి దగ్గర తాయెత్తు కొనే పల్లెటూరి ముసలమ్మను చూసి ఇదే కుర్రాళ్ళు నవ్వుతారు. ఆవిడ యాభై రూపాయలిచ్చింది, తాయెత్తు లైట్లు వెలిగించి శాస్త్రమని బొంకలేదు. వీళ్ళు ఐదు వేలిచ్చి, పైగా ఆవిడకు బుద్ధి చెప్తారు.

"ఎందుకండీ అంత మంట, సరదాకే కదా!" అంటారు. సరదా మీ నలుగురి మధ్యనే ఉంటే నాకేం అభ్యంతరం? స్మశానం గోడ దూకి నలుగురూ జడుసుకుని ఇంటికొచ్చి టీ తాగండి. కానీ ఈ సరదా ఎవరో ఒకరి ఇంట్లోనే సాగుతుంది. ఆ ఇంట్లో పిల్లకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, తల్లి అన్నం మానేసింది, పక్కింటామె చూపు మంచిది కాదని ఎవరో అన్నారు. అలాంటి ఇంట్లోకి మీరు కెమెరాతో వెళ్ళి, ఎర్ర లైటు చూపించి, "ఇక్కడ ఏదో శక్తి ఉంది" అని చెప్పి, వీడియో ఎక్కించుకుని వచ్చేస్తారు. ఆ మాట అక్కడే ఉండిపోతుంది. మనది చేతబడి, బాణామతి అనే అనుమానం మీద మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టిన నేల. మంత్రం పలకకూడదని పళ్ళు ఊడగొట్టిన నేల. తెలంగాణ పల్లెల నుంచీ ఉత్తరాంధ్ర మన్యం నుంచీ ఆ వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒంటరివాళ్ళు, ముసలివాళ్ళు, నోరులేనివాళ్ళు. మంత్రగాడు అనుమానం మాత్రమే ఇవ్వగలిగాడు. మీరు దానికి రీడింగు జోడించారు. మీటరు చెప్పింది కదా అన్నాక ఆ పక్కింటామె తరఫున ఎవరు వాదిస్తారు? మూఢనమ్మకాల మీద జీవితాంతం పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపాక గానీ మహారాష్ట్రలో వాటిని అడ్డుకునే చట్టం రాలేదు. ఈ వ్యవహారంలో రక్తం పారుతుంది. దీన్ని సరదా అని నాకు చెప్పకండి.

సరే, తిట్టడం ఎవరైనా తిడతారు, మరి ఏం కొనాలో చెప్పమంటారా? చెప్తాను.

మొట్టమొదట కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనండి. వెయ్యి రెండు వేల రూపాయల వస్తువు. ఒక్క దెయ్యాల జాబితాలో కూడా దీన్ని మొదటి స్థానంలో నేను చూడలేదు. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక వైద్య పత్రికలో ఒక కుటుంబం కథ ప్రచురించాడు. పాత పెద్ద ఇంట్లోకి మారారు. తలనొప్పులు, నీరసం. పిల్లలు పాలిపోయారు, కుండీల్లో మొక్కలు చచ్చాయి. రాత్రిళ్ళు ఖాళీ గదుల్లో అడుగుల చప్పుడు, మంచం దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించడం. తీరా చూస్తే ఇంటిని వెచ్చబెట్టే కొలిమి చెడిపోయి, పొగ గొట్టంలోకి పోవాల్సిన విషవాయువు గదుల్లోకి వస్తోంది. బాగుచేయించాక దెయ్యాలు సెలవు తీసుకున్నాయి. మనకు ఆ కొలిమి లేకపోవచ్చు. గాలాడని స్నానాలగదిలో గ్యాస్ గీజరుంది. చలికాలంలో తలుపులేసుకుని పెట్టుకునే బొగ్గుల కుంపటి ఉంది. కరెంటు పోతే వరండాలో మొరిగే జనరేటరుంది. ఆ గాలికి రంగు లేదు, వాసన లేదు. ఇంటికి పీడ పట్టిందని మిమ్మల్ని పిలిస్తే ఈ అలారం ఒక్కటి ఆన్ చేసి పెట్టండి. అది మోగితే ఇంటివాళ్ళను బయటికి లాగండి. ప్రాణాలు నిలబెట్టగలిగిన దెయ్యాల పరికరం నాకు తెలిసి ఇదొక్కటే.

తర్వాత, కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే గది థర్మామీటరు. తేమ శాతం కూడా చూపించేది కొన్ని వందలకే వస్తుంది. అది గాలినే కొలుస్తుంది, రాత్రంతా ఒకచోటే కూచుంటుంది, దానికి చెయ్యి వణకదు. తర్వాత ఎలక్ట్రీషియన్ల టెస్టరు. కొలటేపు. రెండు టార్చిలైట్లు, ఒకటి ఆరిపోతుంది కాబట్టి. బూట్లు తప్పకుండా, పాడుబడ్డ ఇళ్ళలో పాములుంటాయి, వాటిని కనిపెట్టడానికి ఏ మీటరూ పనికిరాదు. ఒక నోటుపుస్తకం, పెన్ను. రికార్డరు కొనక్కర్లేదు, ఫోను చాలు, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మీరు దగ్గినా, కడుపు గుర్రుమన్నా, బయట లారీ పోయినా అప్పటికప్పుడే "అది నేనే, అది లారీ" అని గట్టిగా చెప్పండి. వేటగాళ్ళలో బుద్ధిమంతులు దీన్ని ట్యాగింగ్ అంటారు. వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గ కొద్దిపాటి మంచి అలవాట్లలో ఇదొకటి.

ఈ సామాను చూసి నవ్వకండి. 1937లో ఇంగ్లండులో హ్యారీ ప్రైస్ బోర్లీ రెక్టరీ అనే ఇల్లు ఏడాదికి అద్దెకు తీసుకుని, టైమ్స్ పత్రికలో ప్రకటన ఇచ్చి పరిశీలకుల్ని పోగుచేశాడు. ఆయన పెట్టెలో అడుగుల చప్పుడు రాకుండా ఫెల్ట్ చెప్పులు, ఉక్కు కొలటేపు, తలుపులకు వేసే సీసపు సీళ్ళు, తాడు, థర్మామీటరు, నేల కదిలితే తెలిసేలా గిన్నెలో పోసిన పాదరసం, దెబ్బ తగిలితే అయొడిన్, మూర్ఛపోతే బ్రాందీ ఉండేవి. ప్రైస్ మహా ఆడంబరపు మనిషి. ఆయన పోయాక 1956లో ముగ్గురు పరిశోధకులు బోర్లీ కథను చీల్చి చెండాడారు, ఆయన నిజాయితీనే శంకించారు. అలాంటివాడి పెట్టెలో కూడా సీలు ఉంది చూడండి! సీలు చెక్కుచెదరకపోతే ఆ తలుపు ఎవరూ తెరవలేదు, అంతే. ప్రైస్‌కు ఇష్టం లేకపోయినా అది "లేదు" అంటుంది. ఇవాళ్టి ఐదు లైట్ల డబ్బాకు ఆ దమ్ము లేదు.

వెతికితే ఎంత మంచి సంగతి దొరుకుతుందో చూపించినవాడు విక్ టాండీ. ఇంగ్లండులో కొవెంట్రీకి చెందిన ఇంజనీరు. ఆయన పనిచేసే ల్యాబులో అందరికీ గుబులుగా ఉండేది. ఒక రాత్రి ఆయనకే కంటి చివర బూడిదరంగు ఆకారం కనపడింది. మర్నాడు కత్తిసాము పోటీకి తన కత్తిని బాగుచేసుకుందామని పట్టకారలో బిగిస్తే, కత్తి దానంతట అదే ఊగడం మొదలెట్టింది. నాలాంటివాడు పరుగెత్తేవాడు. టాండీ కత్తిని గదిలో అటూ ఇటూ జరుపుతూ ఊగడం ఎక్కడ ఎక్కువుందో, ఎక్కడ ఆగుతుందో కొలిచాడు. కొత్తగా బిగించిన గాలి లాగే ఫ్యాను చెవికి వినపడని 19 హెర్ట్జ్ అలను గదిలో నిలబెడుతోందని తేల్చాడు. ఫ్యాను బిగింపు మార్చారు, గుబులు పోయింది. 1998లో ఆ వ్యాసం అచ్చయింది. ప్రతి దెయ్యపు కొంపలోనూ ఇదే కారణమని నేననను, ఆ సిద్ధాంతం మీద వాదాలున్నాయి. కానీ ఆ మనిషి చేతిలో ఉన్న పరికరం ధర ఎంత? ఇంట్లో ఉన్న కత్తి.

అన్నిటికన్నా చవకైన పరికరం ఇంకొకటుంది. దెయ్యం లేని గది. ఎవరూ ఏ కథా చెప్పని పక్కింటి గదిలో అదే రాత్రి, అదే గంటల్లో, అదే సామానుతో కూచోవాలి. అంకెలు రాసుకోవాలి. కథ తెలియని స్నేహితుణ్ణి ఒకణ్ణి తీసుకెళ్ళాలి, ఏ గది దెయ్యాలదో వాడికి చెప్పకూడదు. వేటగాళ్ళు బేస్‌లైన్ అని పది నిమిషాలు తిరిగి మురిసిపోతారు. ఆ పది నిమిషాల్లో ఫ్రిజ్ కంప్రెసరు ఆగి ఉంటుంది, పదకొండో నిమిషంలో లేస్తుంది. రాత్రంతా కూచోండి. పక్కింట్లో కూడా మీటరు అన్నిసార్లే వెలిగితే, మీ వీడియో పోయింది, మీకు జవాబు దొరికింది. ఈ రెండిట్లో ఏది కావాలో ఇంటి దగ్గరే తేల్చుకుని బయల్దేరండి.

వెళ్ళేముందు ఇంటి యజమాని అనుమతి రాతలో తీసుకోండి. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట ముందు సూర్యాస్తమయం తర్వాత ప్రవేశం లేదని పురావస్తు శాఖ పెట్టిన బోర్డును దెయ్యాలకు సర్కారు సర్టిఫికెట్టులా చూపించి మురిసిపోయేవాళ్ళున్నారు. ఆ శాఖ కింద ఉన్న కట్టడాలు మామూలుగానే పొద్దుగూకాక మూసేస్తారు. బోర్డు దెయ్యాల కోసం కాదు, మీలాంటివాళ్ళ కోసం.

ఇక అమ్మేవాళ్ళకు. మీరు అమాయకులు కారు. దెయ్యాలతో మాట్లాడిస్తామనే యాప్‌ల వివరాల అడుగున, చాలా పెట్టెలతో వచ్చే కాగితం మూలన, చీమ తలకాయంత అక్షరాలతో "వినోదం కోసం మాత్రమే" అని మీరే వేసుకుంటున్నారు. రేపు ఎవరైనా కోర్టుకు లాగితే చూపించడానికి ఆ వాక్యం. కోర్టుకు చెప్పే నిజం కొనేవాడికి చెప్పడానికేం రోగం? ఆ మూడు మాటలూ పెట్టె ముందువైపు, పేరుకన్నా పెద్ద అక్షరాల్లో, తెలుగులో అచ్చేయండి. కింద ఈ మీటరును ఏ దెయ్యంతో సరిచూశారో రాయడానికి ఒక ఖాళీ గీత వదలండి. ఆ తర్వాత నెలకు ఎన్ని అమ్ముడుపోతాయో చూద్దాం.